తేని సీమలో కారు ఏ.సి. మరమ్మతు: కూలి నిర్ణయించుట యెట్లు?

కారులో చల్లని గాలి నిలిచిపోయిన యజమాని వర్క్‌షాపు గుమ్మమున అడుగిడుచునే మెకానిక్కును అడుగు మొదటి ప్రశ్న "ఎంత అవుతాది?" అనునదే. ఏమి చెడినదో తెలియక యెంత యగునో చెప్పుట యెవరికిని సాధ్యము కాదన్న సంగతి అందఱకును తెలిసినదే గాని, ఆచరణమున దానిని పాటించువారు అరుదు. విడిభాగముల వెల పెట్టెలమీద అచ్చయియుండును. చదువు వచ్చినవాడెవడైనను దానిని చూచి సరిపోల్చుకొనవచ్చును. కూలికి అట్టి అచ్చు లేదు. పనివాని నేర్పు, బండి వయస్సు, అంతకుముందు దానిపై చేయివేసినవారి శ్రద్ధ లేక అశ్రద్ధ, చెడిన భాగము ఇంజను ముందర నున్నదా డ్యాష్‌బోర్డు వెనుక దాగియున్నదా అను భేదము, ఇవన్నియు కలిసి ఆ సంఖ్యను నిర్ణయించును. దానిని ముందుగా ఊహించి చెప్పుట యెట్లు, చెప్పినదానిలో న్యాయమెంత, ఇచ్చువాడు ఏమి విచారించి యియ్యవలెను అను విషయములను తేని సీమలోని మన తెలుగువారి షెడ్లను కనులముందుంచుకొని వివరింపదలచితిని.

తేని సీమ యనగా ఆండిపట్టి కనుమకు పడమట, వరుసనాడు కొండలకును పళని కొండలకును ఏలకుల కొండలకును నడుమ పరచుకొనిన కంబము లోయయు దాని పరిసరములును. 1996లో ఇది మధుర జిల్లానుండి వేఱుపడి ప్రత్యేక జిల్లా యైనది. విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతమున మధురలో ఏలుబడి నెలకొల్పినది మొదలు పలు తరములుగా వచ్చి నిలిచిన కమ్మవారు, రాజకంబళమువారు, రెడ్లు, అరుంధతీయులు ఈ నేలపై నేటికిని పెక్కురు ఇంట తెలుగే మాటలాడుదురు. చదువు వ్రాత మాత్రము తమిళమున. నల్లరేగడిలో ప్రత్తి పండించిన కుటుంబములలో తరువాతి తరములవారు జిన్నింగు మిల్లులు పెట్టుటయు, లారీలు కొనుటయు, ఆ లారీలను బాగుచేయ నేర్చిన బిడ్డలు కార్ల షెడ్లు తెరచుటయు ఈ ప్రాంతమున సహజముగా జరిగిన పరిణామము.

దక్షిణదేశపు తెలుగువారిలో యంత్రమును విప్పి చూచు బుద్ధికి ఆదిపురుషుడెవరని యడిగినచో కోయంబత్తూరివారే కాదు, తేనివారును గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారి పేరే చెప్పుదురు. ఆయన 1893లో కోయంబత్తూరు చెంత కలంగల్ గ్రామమున తెలుగు రైతు కుటుంబమున జన్మించెను. ఒక ఆంగ్లేయాధికారి యెక్కివచ్చిన మోటారు సైకిలును చూచి ముగ్ధుడై, హోటలులో వడ్డన పని చేసి కూడబెట్టిన ధనముతో ఆ బండినే కొని, దానిని భాగములుగా విప్పి తిరిగి కూర్చి యంత్రవిద్యను తనకు తానే బోధించుకొనెను. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి పళనుల నడుమ తానే నడుపుచు ప్రారంభించిన వ్యాపారము యు.ఎం.ఎస్. అను పేర మహాసంస్థగా పెరిగినది. 1945లో కోయంబత్తూరున వెలసిన ఆర్థర్ హోప్ సాంకేతిక కళాశాలకు ఆయన ప్రధానాచార్యుడై, నాలుగేండ్లు బోధించుచున్న విద్యకు రెండేండ్లు చాలునని వాదించి, ప్రభుత్వ మంగీకరింపకున్న ఆ పదవినే విడిచెను. ఒక పనికి నిజముగా పట్టు కాలమెంత, ఆచారవశమున మనము దానికి కేటాయించుచున్న కాలమెంత అను విచారము ఆయన జీవితమున ఎంత బలముగా నాటుకొనియుండెనో ఈ త్యాగమే చెప్పుచున్నది. కూలి నిర్ణయించుటలోని చిక్కు కూడ ఆ విచారమే.

తేని సీమ కార్ల ఏ.సి.కి కఠినమైన పరీక్షాస్థలము. మార్చి మొదలు జూను వఱకు లోయలో ఎండ మండును. అంతలో నైరృతి ఋతుపవనముల గాలి కొండసందులనుండి దూరి దుమ్మును, ఎండుటాకును, ప్రత్తిపీచును ఎగురగొట్టును. బోడినుండి బోడిమెట్టునకు ఎక్కు త్రోవ పదునేడు మలుపుల కొండబాట. అట్లే కంబము దాటి కుమిలికి ఎక్కు ఘాటు. కార్తీక మార్గశిర పుష్య మాసములలో శబరిమల పోవు స్వాముల బండ్లు, ఏడాది పొడుగున మున్నారు తేక్కడి చూడబోవువారి బండ్లు, ఏలకుల తోటలకు కూలివారిని మోయు జీపులు ఈ త్రోవలందే నడచును. ఘాటులో బండి రెండవ గేరున మెల్లగా ఎక్కుచుండగా ఇంజను మిక్కిలి వేడెక్కును, ముందరి జాలికి తగులవలసిన గాలి మాత్రము తగ్గిపోవును. ఏ.సి. యంత్రము వేడిని వెలుపలికి తోయవలసిన తరుణముననే దానికి గాలి యందదు. అందువలన సమతలమున బాగుగా పనిచేయు ఏ.సి. ఘాటులో చేతులెత్తివేయుటయు, షెడ్డులో పరీక్షించిన తోడనే మరల బాగుగా పనిచేయుటయు ఇచట నిత్యానుభవము. అట్టి దోషమును కనిపెట్టుటకు పట్టు కాలమును లెక్కకట్టుట కష్టము.

యంత్రము పనిచేయు తీరును కొంత తెలిసికొనినగాని కూలి విచారము సాగదు. ద్రవము ఆవిరి యగునపుడు చుట్టునున్న వేడిని పీల్చుకొనును. నేటి కార్లలో మిక్కిలిగా వాడుకనున్న ఆర్ 134ఎ అను వాయువు సాధారణ వాతావరణ పీడనమున సున్నకు దిగువ 26 డిగ్రీల వద్దనే మరగును. ఇంజను త్రిప్పు కంప్రెసరు ఈ వాయువును గట్టిగా నొక్కి వేడి చేయును. రేడియేటరునకు ముందర నుండు కండెన్సరులో అది గాలి తగిలి చల్లబడి ద్రవమగును. డ్రయ్యరు దానిలోని తేమను పట్టును. ఎక్స్‌పాన్షన్ వాల్వులోని సన్నని రంధ్రమున దూరి హఠాత్తుగా పీడనము కోల్పోయి, డ్యాష్‌బోర్డు వెనుకనున్న కూలింగ్ కాయిల్‌లో ఆవిరియై, కారులోని వేడిని హరించి మరల కంప్రెసరును చేరును. చిన్న కార్లలో ఈ వాయువు మొత్తము అరకిలోకు అటునిటుగా నుండును. దానితోపాటు కంప్రెసరు అరుగకుండ కాపాడు నూనె కూడ గొట్టములలో ప్రవహించుచుండును. ఇది మూసిన వలయము. సరిగా నున్న వలయమున వాయువు ఖర్చు కాదు; ఏండ్ల తరబడి రబ్బరు గొట్టములగుండ అతిస్వల్పముగా తరుగును, అంతే. ఒక్క వేసవిలో తరిగిపోయినదన్న ఎక్కడనో రంధ్రమున్నదనియే యర్థము.

ఈ చివరిమాటను యజమానులు నమ్మరు. మన షెడ్లలో వేసవి వచ్చినంతనే వినబడు సంభాషణ ఇట్లుండును. "మామా, గ్యాసు ఎక్కిస్తే చాలదా?" అని బండివాడు. "పోయిన ఏడు పోసిన గ్యాసు యాడికి పాయ అల్లుడా? అది చూడాల ముందు" అని మెకానిక్కు. "చూసేదానికి కూడా కూలియా మామా?" అని బండివాడు. ఇక్కడ మెకానిక్కు మొగమాటమున పడును. చుట్టరికము, ఊరివారన్న అభిమానము, ప్రక్క షెడ్డువాడు ఊరకే చూచునన్న భయము, ఇవన్నియు కలిసి అతనిచేత "సరే పో" అనిపించును. అతడు గ్యాసు నింపి పంపును. నాలుగు నెలలకో ఆరు నెలలకో బండి మరల వచ్చును. మూడు పర్యాయములు నింపిన గ్యాసు వెల లెక్కించినచో మొదటనే రంధ్రమును వెదకి మూయించుటకు అగు ఖర్చునకు మించును. అంతకంటె నష్టము, వాయువుతో కూడ నూనె కారిపోయి కంప్రెసరు లోలోపల అరిగిపోవుట.

నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదియే: ఏ.సి. మరమ్మతు కూలిలో అన్నింటికంటె విలువైన భాగము దోషమును వెదకు పని. మన సీమలో ఆ భాగమునకే యెవ్వరును ధనమీయరు. వైద్యుడు రోగిని పరీక్షించినందుకు రుసుము తీసికొని, మందు వెల వేఱుగా చెప్పినచో మనమెవ్వరమును ఆక్షేపింపము. కారు విషయమున మాత్రము పరీక్ష ఉచితము, మందు మాత్రమే మూల్యము గలది యను భావము నాటుకొనిపోయినది. పరీక్షకు ప్రతిఫలము లేనప్పుడు మెకానిక్కు దానిని త్వరగా ముగించును. త్వరగా ముగించినప్పుడు ఊహ చేయును. ఊహ తప్పినప్పుడు చెడని భాగమును మార్చును. ఆ భాగము వెల యజమాని చెల్లించును. వెదకుట కీయని కూలిని అతడు ఈ విధముగా రెట్టింపు చెల్లించుచున్నాడు.

వెదకుట యనగా నేమి? నీలము, ఎఱుపు గొట్టములు గల గేజీల జతను తెచ్చి మెకానిక్కు అల్పపీడన ద్వారమునకు నీలమును, అధికపీడన ద్వారమునకు ఎఱుపును తగిలించును. ఇంజను ఆపి యుండగా, 35 డిగ్రీల వేడి గల దినమున, వలయములో ద్రవముగా కొంత వాయువైనను మిగిలియున్నచో రెండు ముండ్లును ఇంచుమించు 114 పి.ఎస్.ఐ. చూపవలెను. నలుబది మాత్రమే చూపినచో వాయువు చాలభాగము పోయినదని ఇంజను త్రిప్పకయే తెలిసిపోవును. ఇంజను నడచుచుండగా అల్పపీడనము సామాన్యముగా 25 మొదలు 45 వఱకును, అధికపీడనము 150 మొదలు 250 వఱకును, ఎండ ముదిరినప్పుడు అంతకు మించియు నుండును. రెండును తగ్గియున్న వాయులోపము. అల్పపీడనము హెచ్చి అధికపీడనము తగ్గిన కంప్రెసరు నీరసము. అధికపీడనము మితిమీరిన కండెన్సరుకు దుమ్ము పట్టియుండుటయో, ఫ్యాను తిరుగకుండుటయో, గ్యాసు అతిగా నింపియుండుటయో కారణము. అల్పపీడనపు ముల్లు సున్నకు దిగువకు జారిన వాల్వు మూసుకొనియుండుటో, లోపలి తేమ మంచుగడ్డయై అడ్డుపడుటో కారణము. ఈ ముండ్లను చదువుటకు పది నిమిషములు చాలును. చదివినదానిని నమ్మదగినట్లు అర్థము చేసికొనుటకు పదేండ్ల అనుభవము కావలెను. కూలి యిచ్చువాడు చూచునది ఆ పది నిమిషములనే.

రంధ్రమును వెదకుట మరింత ఓపిక పని. నూనె మరక యున్నచోట తొలుత కన్ను వేయవలెను, ఏలయన వాయువు తప్పించుకొనుచు నూనెను వెంట తెచ్చును. ఆ నూనెకు దుమ్ము అంటుకొని నల్లని జిగటగా నిలుచును. తరువాత నత్రజని వాయువును 150 పి.ఎస్.ఐ. వఱకు నింపి, ప్రతి అతుకునకును సబ్బునురుగు పూసి బుడగలకై చూడవలెను. వ్యాక్యూమ్ పంపుతో వలయములోని గాలిని లాగి, పంపు ఆపి, ముల్లు వెనుకకు రాకున్నచో రంధ్రము లేదని కొందఱు తృప్తిపడుదురు గాని అది పూర్తిగా నమ్మదగిన పరీక్ష కాదు. వెలుపలికి నొక్కినప్పుడు వాయువు కారనిచ్చు, అతుకులోని రబ్బరు ఓ-రింగు లోపలికి లాగినప్పుడు బిగుసుకొని మూసికొనవచ్చును. అతినీలలోహిత దీపమునకు మెఱయు రంగును నూనెలో కలిపి, బండిని వారము దినములు నడిపించి మరల రప్పించి చూచుట మఱియొక మార్గము. ఈ చివరిదానికి రెండు రాకలు కావలెను. రెండవ రాక కూలిని మొదటనే చెప్పియుండకున్న తగవు తప్పదు.

దోషము తేలిన పిమ్మట పనికి పట్టు కాలము భాగమునుబట్టి మారును. కంప్రెసరు మార్చుటకు చిన్న కారులో రెండు మూడు గంటలు. కండెన్సరునకు బంపరు విప్పవలసియుండుటచే ఇంచుమించు అంతే. ఒక ఓ-రింగు మార్చుటకు నిమిషములే గాని, వాయువు తీయుట, మరల నింపుట కలిపిన గంటకు మించును. ఫ్యాను రిలే, క్లచ్చి తీగ, ఎలుకలు కొఱికిన వైరు వంటివానికి భాగము వెల స్వల్పము, వెదకుట కూలియే సర్వస్వము.

కూలింగ్ కాయిల్ సంగతి మాత్రము ప్రత్యేకముగా చెప్పవలసియున్నది, ఏలయన యజమానులకును మెకానిక్కులకును కలహములు పుట్టుట దానివద్దనే యెక్కువ. అరచేతులు రెండింటి వెడల్పుకు మించని ఆ అల్యూమినియపు వస్తువును చూపి "దీనికా ఇంత కూలి?" అని యజమాని ఆశ్చర్యపడును. అది యున్నచోటికి చేయి చేరుటకు జరుగు పనిని అతడు చూడలేదు. మొదట బ్యాటరీ తీగ విప్పి, ఎయిర్‌బ్యాగు విద్యుత్తు శమించుటకు కొన్ని నిమిషములు ఆగవలెను. పిమ్మట స్టీరింగు చక్రము, గేరు చుట్టునున్న పెట్టె, గ్లవ్ బాక్సు, మీటర్ల పలక, రేడియో, వీనిని వరుసగా తొలగించి, పదుల కొలది కనెక్టరులను ఏది యెచటిదో గుర్తుపెట్టుకొనుచు ఊడదీసి, డ్యాష్‌బోర్డును మొత్తముగా ఇద్దఱు మనుష్యులు పట్టి వెలికి తీయవలెను. హీటరు గొట్టములలోని నీటిని దింపి, ఇంజను వైపునుండి ఏ.సి. గొట్టములు విప్పి, నల్లని ప్లాస్టిక్కు పెట్టెను దింపి రెండు చెక్కలుగా విడదీసినప్పుడు, ఆకుచెత్తతోను దుమ్ముతోను కప్పబడి తడితో తుప్పుపట్టిన కాయిల్ కనబడును. ఇది ఆరు మొదలు ఎనిమిది గంటల పని. కొన్ని కార్లలో గ్లవ్ బాక్సు ప్రక్కనుండియే కాయిల్‌ను లాగునట్లు అమర్చియుందురు. అచట రెండు మూడు గంటలు చాలును. వస్తువు వెల యొకటే యైనను కూలి మూడింతలు మారుటకు కారణము కారును రచించిన యింజనీరు చిత్తవృత్తియే గాని మెకానిక్కు దురాశ కాదు. తిరిగి బిగించునపుడు ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్కు క్లిప్పు ఒక్కటి విరిగిన చాలును, ఘాటులో ప్రతి మలుపునను డ్యాష్‌బోర్డు కిఱ్ఱుమని మొఱపెట్టును. ఆ మొఱకు మెకానిక్కే బాధ్యుడగును. అందువలన పదేండ్లు దాటిన కారునకు ఈ పనికై చెప్పు కూలిలో కొంత యధికము చేర్చుట న్యాయమే.

చేతులు కదలని కాలమును కూలిలో కలుపవచ్చునా అను ప్రశ్న కలదు. వలయమును విప్పిన ప్రతి పర్యాయమును లోనికి గాలియు తేమయు చేరును. వ్యాక్యూమ్ పంపు పెట్టి అరగంటకు తక్కువ గాకుండ, తేమ యెక్కువగా నున్న గంటయైనను లాగవలెను. 29 అంగుళముల శూన్యమున నీరు 25 డిగ్రీల వేడికే మరిగి ఆవిరియైపోవును. కొండపై చలిగా నున్న ప్రొద్దున ఆ మరుగుట ఆలస్యమగును. ఈ అరగంటలో మెకానిక్కు వేఱొక బండి చూచుకొనును గాన దానికి కూలియేల యని యజమాని యడుగును. కాని ఆ స్థలమును అతని కారే ఆక్రమించియున్నది, పంపు దానికే కట్టుబడియున్నది, ముల్లును చూచు బాధ్యత తీరలేదు. కనుక పూర్తి కూలి కాకున్నను కొంత చేర్చుటయే ధర్మమని నా యభిప్రాయము. ఈ కాలమునకు విలువ లేదన్నందుననే కొందఱు పది నిమిషములకే పంపు తీసివేయుదురు. లోపల మిగిలిన తేమ నూనెతో కలిసి ఆమ్లమై లోహమును తినివేయును.

దీనికి ఎదురుగా, యజమాని పక్షమున గమనింపవలసిన సూక్ష్మమొకటి కలదు. కంప్రెసరు పనికి రెండున్నర గంటలు, కండెన్సరు పనికి రెండు గంటలు అని వేఱువేఱుగా చెప్పినప్పుడు, గ్యాసు తీసి శూన్యము చేసి నింపుటకు పట్టు గంట ఆ రెండింటిలోను ఇమిడియుండును. రెండు పనులును ఒక్కసారి చేసినప్పుడు నాలుగున్నర గంటలు కాదు, మూడున్నరయే లెక్కింపవలెను. గంటకు 400 రూపాయలని అనుకొన్నచో భేదము 400 రూపాయలు. తెలియక ఆ గంటను రెండుసార్లు లెక్కకట్టు మెకానిక్కులు కలరు, తెలిసి లెక్కకట్టువారును కలరు. యజమాని మర్యాదగా అడిగిన చాలును, నిజాయితీగల మెకానిక్కు సరిదిద్దును. ఈ సందర్భముననే యింకొక సంగతి: కంప్రెసరు లోపల పగిలి లోహపు పొడి వలయమంతట వ్యాపించినచో కంప్రెసరు ఒక్కదానిని మార్చి లాభము లేదు. నేటి కండెన్సరుల సన్నని నాళములనుండి ఆ పొడిని కడిగి తీయుట నమ్మదగిన పని కాదు. కండెన్సరు, డ్రయ్యరు, వాల్వు మార్చి గొట్టములు కడుగవలెను. దీనిని ముందుగా చెప్పక కంప్రెసరు వెల మాత్రము చెప్పుట మోసముతో సమానము.

పనికాలమును గడియారముతో కొలుచు శాస్త్రము అమెరికాలో ఫ్రెడరిక్ టేలరు అను ఇంజనీరు పందొమ్మిదవ శతాబ్ది చివర ఉక్కు కర్మాగారములలో ప్రారంభించినది. ఆయన గ్రంథము 1911లో వెలువడినది. ఆ మార్గముననే కార్ల తయారీదారులు ప్రతి మరమ్మతునకును ఇన్ని గంటలని పట్టికలు వ్రాయింతురు. అమెరికాలో పెక్కుచోట్ల మెకానిక్కునకు పట్టికలోని గంటలకే వేతనము: మూడు గంటల పనిని రెండింట ముగించినను మూడింటికే, అయిదు గంటలు పట్టినను మూడింటికే. మన దేశమున కంపెనీ సర్వీసు కేంద్రములలో కూడ ఇట్టి పట్టికలే ఆధారము. ఆ కూలిపై వస్తుసేవల పన్ను 18 శాతము చేరును. పట్టిక యుండుట మంచిదే, యజమానికి సరిపోల్చుకొను ఆధారము లభించును. కాని ఆ గంటలను కొలిచినది క్రొత్త కారుపై, తుప్పులేని బోల్టులపై, సమస్త పరికరములును చేతికందునట్లున్న శాలలో. ఏలకుల తోట బురదలో ఎనిమిదేండ్లు నడచిన బండికి, ముందెవడో ఓ-రింగునకు బదులు జిగురు పూసి బిగించిన అతుకునకు ఆ పట్టిక వర్తింపదు. తేని మెకానిక్కు పట్టికను చూడడు; బండి చుట్టు ఒక్కమారు తిరిగి, బోల్టుల తలలు చూచి, "అర పూట", "ఒక పూట", "రెండు దినములు" అని చెప్పును. ఆ చూపులో పట్టికకందని సత్యమున్నది. అది వ్రాతపూర్వకము కాకుండుటయే దానిలోని లోపము.

భాగములు మధురనుండియో కోయంబత్తూరునుండియో రావలసియుండుట ఇచటి మఱియొక చిక్కు. విప్పిన కారు రెండు దినములు షెడ్డులో నిలిచినచో ఆ స్థలమున జరుగవలసిన వేఱు పని ఆగిపోవును. విప్పకముందే భాగమును తెప్పించి, చూచి, అమరునని నిశ్చయించుకొనిన పిమ్మట బండిని చేతబట్టు మెకానిక్కు తన కాలమును, యజమాని కాలమును రెండింటిని కాపాడును.

వాయువును గూర్చియు ఒక మాట. 1987లో మాంట్రియాల్ ఒడంబడిక కుదిరిన పిమ్మట ఓజోనును నశింపజేయు పాత ఆర్ 12 వాయువు పోయి ఆర్ 134ఎ వచ్చినది. ఇది ఓజోనుకు హాని చేయదు గాని, భూమిని వేడెక్కించుటలో బొగ్గుపులుసు వాయువునకు ఇంచుమించు 1,430 రెట్లు బలమైనది. ఒక్క కారులోని అరకిలోను గాలిలోనికి వదలినచో ఏడువందల కిలోలకు మించిన బొగ్గుపులుసు వాయువును వదలినట్లే. భారతదేశము 2021లో కిగాలి సవరణను ఆమోదించి ఈ జాతి వాయువుల వాడుకను క్రమముగా తగ్గించుటకు ఒప్పుకొన్నది. కనుక విప్పుటకు ముందు వాయువును యంత్రముతో సిలిండరులోనికి పట్టి దాచుట పనిలో భాగము. పట్టిన వాయువును తూచినచో ఎంత తరిగియుండెనో కూడ తేలును; అది దోషపరీక్షకు సాయపడును. ఈ యంత్రము చాల చిన్న షెడ్లలో లేదు. కొన్నవాని కూలి కొంత హెచ్చుగా నుండును. ఆ హెచ్చును మనము సంతోషముతో ఈయవలెను.

అయిన యజమాని ఏమి యడుగవలెను? వెదకుటకు కూలి యెంత అని వేఱుగా అడిగి, ఆ మొత్తమును ముందుగా చెల్లింప సిద్ధపడవలెను. మరమ్మతు అచటనే చేయించినచో దానిని మొత్తములో తగ్గింతురా యని యడుగుటలో తప్పులేదు. దోషము తేలిన తరువాత భాగములు, కూలి, వాయువు, నూనె వేఱువేఱుగా కాగితముమీద వ్రాయించుకొనవలెను. వాయువును గ్రాములలో వ్రాయించుట మఱువరాదు, ఏలయన బానెట్టు క్రింది చీటీలో కంపెనీ నిర్ణయించిన తూనిక యుండును. విప్పిన తరువాత క్రొత్త దోషము బయటపడినచో అడుగకుండ ముందునకు పోరాదని చెప్పవలెను. అన్నింటికంటె ముందుగా చౌకపనులను చేయింపవలెను: కండెన్సరును మెల్లని నీటిధారతో కడుగుట, క్యాబిన్ ఫిల్టరు మార్చుట, ఫ్యాను తిరుగుచున్నదా యని చూచుట. గాలి మాసములు గడచిన పిమ్మట ఇచటి బండ్లలో ఏ.సి. బలహీనతకు ఈ అరగంట పనియే చాలు సందర్భములు కొల్లలు.

ఈ వృత్తిలో త్వరలో రానున్న మార్పునకు మన షెడ్లు ఇప్పటినుండియే సిద్ధపడవలెను. విద్యుత్ కార్లలో కంప్రెసరును ఇంజను బెల్టు త్రిప్పదు. వందల వోల్టుల విద్యుత్తు త్రిప్పును. అనేక కార్లలో ఆ చల్లదనమే బ్యాటరీని కూడ కాపాడుచుండును గాన, ఏ.సి. చెడుట ప్రయాణికుని సౌఖ్యముతో పోవు విషయము కాదు. వానిలో వాడు నూనె వేఱు. పెట్రోలు కార్లకు వాడిన గేజీ గొట్టములలో మిగిలిన పాత నూనె బొట్లు చేరినను విద్యున్నిరోధము తగ్గి ప్రమాదము కలుగవచ్చును. అట్టి బండిపై చేయివేయుటకు ముందు అధిక వోల్టేజిని విడదీసి, నిర్ణీత కాలము వేచి, మీటరుతో శూన్యమని నిశ్చయించుకొనవలెను. రబ్బరు తొడుగులు, ప్రత్యేకమైన గొట్టములు, శిక్షణ కావలెను. ఆ శిక్షణకు పోయిన దినముల కూలియు, ఆ తొడుగుల వెలయు, ఆ వేచియుండు నిమిషములును తేనిలో వ్రాయబడు అంచనాకాగితమున ఒక క్రొత్త పంక్తిగా చేరవలసియున్నవి. ఆ పంక్తి యేల యని బండివాడు అడిగినప్పుడు మెకానిక్కు నిదానముగా వివరించి చెప్పవలెను, బండివాడు విని చెల్లింపవలెను.